చదివి వినిపించిన తరువాతే వేలిముద్ర

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన మాకు వేలిముద్ర కొత్త కాదు. పింఛను దరఖాస్తులు, వాంగ్మూలాలు, పంచనామాలు, పట్టా కాగితాలు, వీటన్నింటి అడుగున ఒకే వాక్యం ఉండేది: "పై విషయములు చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినారు." ఆ వాక్యం రాయడానికి అరనిమిషం చాలు. అందులో చెప్పిన పని చేయడానికి అరగంట పడుతుంది. వరండాలో యాభై మంది నిలబడి ఉన్న రోజున ఆ అరగంట దొరికేది కాదు. ముందు వేలిముద్ర తీసుకొని, తరువాత తీరిక చూసుకొని కాగితం నింపిన రోజులు మా ఉద్యోగ జీవితంలోనూ ఉన్నాయి. అల్లాహ్ క్షమించుగాక. ఆ అనుభవం ఉన్నందువల్లనే ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

పదవీ విరమణ అనంతరం వీర్నపల్లి ప్రాంతంలో మాకు చేతనైన సేవ చేస్తున్నాము. ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పడం అందులో ముఖ్యమైన పని. కొన్నేళ్ల క్రితం బీడీలు చుట్టి బతుకు వెళ్లదీసే ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. మేము ఆమెను ఆపా అని పిలుస్తాము. ఎవరో నలుగురు వచ్చి, ఆరోగ్య సర్వే అని చెప్పి, వాడలోని ఆడవాళ్ల దగ్గర రక్తం తీసుకొని వెళ్లారట. "భాయ్, మూడు కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నరు. రిపోర్టు ఎప్పుడొస్తది? నాకేమన్నా రోగముందా?" అని ఆమె అడిగారు. ఆమె చేతిలో ఉన్నది ఒక చిన్న చీటీ. దాని మీద ఒక అంకె తప్ప మరేమీ లేదు. వచ్చినవారు ఎవరో, ఆ రక్తం ఏ పరీక్షకు పోయిందో, ఎవరిని అడగాలో అందులో లేదు. ఆ బృందం ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. జీవితమంతా ఇతరుల కాగితాలు చదివిన మేము ఆ రోజు ఆపాకు జవాబు చెప్పలేకపోయాము.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోగా, మనుషుల మీద జరిగే పరిశోధనలను ప్రభుత్వం ఎలా పర్యవేక్షిస్తున్నది, ఆ పర్యవేక్షణలో మనవంటి వారికి చోటు ఎక్కడ ఉన్నది అన్న విషయాలు కొంతవరకు తెలిశాయి. వాటిని పాఠకుల ముందు పెడుతున్నాము.

చికిత్స వేరు, పరిశోధన వేరు

డాక్టరు మనకు మందు ఇచ్చేటప్పుడు మన మేలే ఆయన ఉద్దేశం. పరిశోధకుడు మన రక్తం తీసుకునేటప్పుడు, కొత్త మందు మన మీద పరీక్షించేటప్పుడు ఉద్దేశం వేరు. ఆ మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడం, రేపటి రోగులకు ఉపయోగపడే జ్ఞానం సంపాదించడం అక్కడి లక్ష్యం. అది మంచి లక్ష్యమే. ఈనాడు మనం వాడుతున్న ప్రతి టీకా, ప్రతి మాత్ర వెనుక ఎవరో ఒకరు తమ శరీరాన్ని ముందుకు తెచ్చి నిలబడ్డారు. 2020లో కోవాక్సిన్ టీకా తొలిదశ పరీక్షలకు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోనూ ఆరోగ్యవంతులైన వారు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. అలాంటి వారికి సమాజం రుణపడి ఉంటుంది.

అయితే పరిశోధనలో పాల్గొనే మనిషి ఇచ్చేవాడు. పుచ్చుకునేవాడు కాడు. ఇచ్చేవాడిని అడిగి తీసుకోవాలి. ఎందుకు తీసుకుంటున్నామో, ఏ ప్రమాదం ఉందో, వద్దంటే ఏమవుతుందో చెప్పాలి. వద్దనే హక్కు ఉందని కూడా చెప్పాలి. ఈ నాలుగూ చెప్పకుండా తీసుకున్న వేలిముద్ర సిరా మరక మాత్రమే.

ఖమ్మంలో ఏమి జరిగింది

ఈ విషయంలో మన తెలుగునేల మీదే ఒక పెద్ద పాఠం ఉంది. 2009 జూలైలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల వయసున్న దాదాపు 14,000 మంది బాలికలకు గార్డసిల్ అనే టీకా ఇచ్చారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో కంపెనీ టీకాతో ఇలాంటి కార్యక్రమమే నడిచింది. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ దీనిని చేపట్టింది. భారత వైద్య పరిశోధనా మండలి, అంటే ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు.

టీకా వేయించుకున్న బాలికల్లో చాలామంది గిరిజన, దళిత, వెనుకబడిన, మైనారిటీ కుటుంబాల పిల్లలు. పెద్ద సంఖ్యలో ప్రభుత్వ వసతి గృహాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకుంటున్నవారు. 2010 ఆరంభంలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఆ గ్రామాలకు వెళ్లి విచారించగా అసలు సంగతి బయటపడింది. ఏ టీకా, ఎందుకు అన్నది తల్లిదండ్రులకు తెలియదు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపివేసింది. విచారణ కమిటీ వేసింది.

గుమాస్తాగా మా కళ్లు మొదట ఆగింది ఆ విచారణలో తేలిన అంకెల దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసినది తల్లి కాదు, తండ్రి కాదు, హాస్టల్ వార్డెన్. అంటే ప్రతి నాలుగు పత్రాలలో ఒకటికి మించి వార్డెన్ సంతకంతో నడిచింది. పిల్లకు అన్నం పెట్టించే బాధ్యత వార్డెన్‌దే కావచ్చు. పిల్ల శరీరం మీద హక్కు వార్డెన్‌కు ఎవరు ఇచ్చారు?

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని, వేరే కారణాలు ఉన్నాయని ప్రభుత్వ విచారణలో చెప్పారు. వైద్యశాస్త్రం తెలియని మేము దానిని కాదనలేము. కానీ ఆ మాటను తల్లిదండ్రులు నమ్మాలంటే ముందు నుంచీ ఎవరైనా ఆ పిల్లల యోగక్షేమాలు సక్రమంగా నమోదు చేసి ఉండాలి. ఆ ఏర్పాటే బలహీనంగా ఉన్నది. 2013 ఆగస్టులో ఆరోగ్య శాఖకు సంబంధించిన పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. పాథ్ సంస్థను మాత్రమే గాక ఐసీఎంఆర్‌ను, ఔషధ నియంత్రణ విభాగాన్ని కూడా నిలదీసింది. ఆ నివేదికను న్యాయస్థానంలో చూపవచ్చునా అన్న వాదన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. చూపవచ్చునని 2018 మే 9న కల్పనా మెహతా కేసులో తీర్పు వచ్చింది.

నిర్వాహకులు తమ వాదనగా చెప్పినది ఒక్కటే: ఇది ఔషధ ప్రయోగం కాదు, అప్పటికే అనుమతి పొందిన టీకాను ఎలా ఇవ్వవచ్చో చూసే ప్రదర్శనా కార్యక్రమం. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. పేరు మారితే నిబంధన మారుతుంది. 'సర్వే', 'శిబిరం', 'ప్రదర్శన' అన్న పేర్లతో వచ్చే పనిలోనూ పరిశోధన ఉండవచ్చు. మా ఆపా వాడకు వచ్చినది కూడా 'సర్వే' అనే పేరుతోనే.

కాపలాదారుడే భాగస్వామి అయితే

ఖమ్మం ఉదంతంలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. దేశంలో పరిశోధనా నీతికి మార్గదర్శకాలు రాసేది ఐసీఎంఆర్. అదే ఐసీఎంఆర్ ఆ కార్యక్రమంలో భాగస్వామి. హాస్టళ్లకు సంరక్షకుడు రాష్ట్ర ప్రభుత్వం. అదే ప్రభుత్వ సిబ్బంది టీకాలు వేశారు, సంతకాలు చేశారు. పంచాయతీ చెప్పవలసిన పెద్దమనిషే ఒక పక్షాన వాటాదారు అయినప్పుడు రెండో పక్షం ఎవరితో చెప్పుకోవాలి?

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు నలభై ఏళ్ల పాటు, దాదాపు 600 మంది నల్లజాతి పేదల మీద సిఫిలిస్ రోగం గురించి ఒక అధ్యయనం జరిగింది. వారిలో 399 మందికి ఆ రోగం ఉంది. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా వారికి ఇవ్వలేదు. రోగం ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. చేసినది ప్రైవేటు కంపెనీ కాదు, ఆ దేశ ప్రభుత్వ ప్రజారోగ్య విభాగం. పత్రికల్లో రాగానే దేశం ఉలిక్కిపడింది. 1974లో అక్కడ చట్టం వచ్చింది. బయటి సభ్యులున్న సమీక్షా సంఘం అనుమతి లేకుండా ప్రభుత్వ నిధులతో మనుషుల మీద పరిశోధన చేయరాదన్న నియమం అలా బలపడింది. అంతకు ముందే, నాజీ వైద్యుల విచారణ అనంతరం 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. స్వచ్ఛందమైన అంగీకారం తప్పనిసరి అన్నది అందులో మొట్టమొదటి సూత్రం.

ఈ చరిత్ర చూస్తే ఒకటి తెలుస్తుంది. ఎక్కడైనా పరీక్షకు ముందుగా దొరికినవారు అడగలేనివారే: అక్కడ నల్లజాతి కూలీలు, ఖమ్మంలో హాస్టల్ పిల్లలు, మన వాడల్లో బీడీ కార్మికులు. భోపాల్‌లో గ్యాస్ బాధితుల కోసం కట్టిన ఆసుపత్రిలోనే ఆ బాధితుల మీద ఔషధ ప్రయోగాలు జరిగిన సంగతి కూడా తరువాత వెలుగులోకి వచ్చింది.

మన జిల్లాల సంగతి

ఇదంతా దూరపు కథ అనుకోవద్దు. 2011 జూన్‌లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను హైదరాబాదుకు తీసుకొచ్చి, రొమ్ము కాన్సర్‌కు వాడే మందును వారి మీద పరీక్షించిన ఉదంతం బయటపడింది. వారికి చేతికందినది కొన్ని వేల రూపాయలు. 2017 జూన్‌లో మన పాత కరీంనగర్ జిల్లాలోని జమ్మికుంట ప్రాంతం వార్తల్లోకి ఎక్కింది. అక్కడి యువకులు డబ్బు కోసం బెంగళూరు వంటి నగరాల ప్రయోగశాలలకు వెళ్లి మందులు తమ శరీరం మీద పరీక్షింపజేసుకుంటున్నారని తెలిసింది. ఒక యువకుని మరణానికి ఆ మందులే కారణమని అతని కుటుంబం ఆరోపించింది. రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల సంగతి మీకు తెలియనిది కాదు. మరమగ్గం ఆగితే ఇల్లు ఆగుతుంది. బీడీ ఆకు రాకపోతే పొయ్యి వెలగదు. గల్ఫ్ వీసాకు చేసిన అప్పు వడ్డీతో సహా తరుముతుంది. ఇలాంటి ఇంట్లోని యువకునికి ఎవరో మధ్యవర్తి వచ్చి "నాలుగు రోజులు ఉండి రా, ఇన్ని వేలు వస్తాయి" అంటే అతను కాదనగలడా? కాగితం మీద అది స్వచ్ఛందమే. అతని జేబును చూస్తే స్వచ్ఛందం అనగలమా?

మరో విషయం. 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. ఇవాళ 204 గురుకుల పాఠశాలల్లో మన పిల్లలు చదువుతున్నారు. ఎంతో సంతోషించవలసిన విషయమిది. మన ఆడపిల్లల చదువుకు ఇవి పెద్ద ఆసరా. అక్కడ ఏదో తప్పు జరిగిందని మేము చెప్పడం లేదు. కానీ ఖమ్మం ప్రశ్న ఇప్పుడు మన గుమ్మంలో కూడా ఉంది. రేపు ఏ పరిశోధనా బృందమైనా హాస్టల్‌కు వస్తే, సంతకం చేయవలసినది ఎవరు? దీనికి ఒకటే జవాబు ఉండాలి: తల్లి లేదా తండ్రి, వారి తరువాత ఆ పిల్ల కూడా. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టాన్ని కూడా అడగాలి.

చట్టంలో ఏమి ఉంది

చట్టం లేదని చెప్పడం సరికాదు. ఉంది. అది రావడానికి సుప్రీంకోర్టు గట్టిగా మందలించవలసి వచ్చింది. స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో 2013లో కేంద్రం కోర్టుకు సమర్పించిన లెక్క ఇది: 2005 నుంచి 2012 వరకు కొత్త రసాయన మందుల మీద 475 ప్రయోగాలకు అనుమతి ఇచ్చారు. 57,303 మంది చేరారు. ఆ కాలంలో 2,644 మంది చనిపోయారు. వాటిలో 80 మరణాలకు మాత్రమే ప్రయోగం కారణమని తేల్చారు. మిగిలిన వారిలో అనేకులు ముందే తీవ్ర రోగులు కావచ్చు. కానీ ఏ మరణం ఏ ఖాతాలోకి పోవాలో తేల్చే గది లోపల బాధితుల తరఫున ఎవరు ఉన్నారన్నది మా ప్రశ్న.

2013 జనవరిలో, ఫిబ్రవరిలో పరిహారానికి, ఎథిక్స్ కమిటీల నమోదుకు నిబంధనలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 21న సుప్రీంకోర్టు, అంగీకారం తీసుకునే తతంగాన్ని శబ్దంతో సహా వీడియో తీయాలని ఆదేశించింది. ఆ తరువాత 2015లో ఈ నియమాన్ని సడలించారు. ఇప్పుడు పూర్తిగా కొత్త మందు మీద జరిగే ప్రయోగంలో, అదీ బలహీన స్థితిలో ఉన్నవారి విషయంలో మాత్రమే వీడియో తప్పనిసరి. 2019 మార్చి 19న 'కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నిబంధనలు' అమలులోకి వచ్చాయి. వీటిలో సామాన్యుడు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, అంగీకార పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివారైతే, ప్రయోగంతో సంబంధం లేని ఒక నిష్పాక్షిక సాక్షి మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉండాలి. సంతకమైన పత్రం నకలు, సమాచార పత్రం వారి చేతికి ఇవ్వాలి. ఆపాకు ఇచ్చిన చీటీ నకలు కాదు.

రెండవది, ప్రయోగం వల్ల గాయమైతే వైద్యం ఖర్చు నిర్వాహకులదే. మరణం ప్రయోగం వల్లనే అని తేలితే పరిహారానికి ఒక సూత్రం ఉంది. 8 లక్షల రూపాయల మూలమొత్తాన్ని వయసుతో, అప్పటికి ఉన్న రోగ తీవ్రతతో గుణించి లెక్కిస్తారు. ఆ లెక్క ప్రకారం 65 ఏళ్లు దాటిన ఆరోగ్యవంతుడైన వాలంటీరు మరణిస్తే 32 లక్షలు వస్తుంది. వయసు తక్కువైతే అంతకంటే ఎక్కువ. మధ్యవర్తి చేతిలో పెట్టే నాలుగు వేలతో పోల్చి చూడండి. ఈ సంగతి తెలియని కుటుంబం శవాన్ని మోసుకొని వచ్చి ఊరుకుంటుంది.

మూడవది, క్లినికల్ ప్రయోగం ఏదైనా మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే 'క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ'లో నమోదు కావాలి. 2007లో మొదలైన ఈ పట్టిక 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. సెల్‌ఫోన్ ఉన్న ప్రతి కళాశాల విద్యార్థి తన వాడకు వచ్చిన బృందం నమోదు సంఖ్య అడిగి, అక్కడే సరిచూడవచ్చు.

నాలుగవది అన్నింటికన్నా ముఖ్యం. మందులతో సంబంధం లేని ఆరోగ్య పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీలు కూడా కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదు కావాలని ఈ నిబంధనలే చెప్పాయి. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు బయటివారు కావాలి. అధ్యక్షుడు బయటివాడే కావాలి. ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్యుడు తప్పనిసరి. వీరితో పాటు సామాజిక శాస్త్రవేత్త గాని, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి గాని, ధర్మశాస్త్ర పండితుడు గాని ఒకరు ఉండాలి.

ఆ కుర్చీ ఖాళీగా ఉన్నదా?

సోదర సోదరీమణులారా, ఈ చివరి నిబంధనను మరొకసారి చదవండి. సామాన్యునికి ఒక కుర్చీ. ధర్మం తెలిసినవారు కూర్చోగల మరొక కుర్చీ. డాక్టరు కానివాడు, శాస్త్రవేత్త కానివాడు, "ఈ కాగితం మా ఇంటి ఆడవాళ్లకు అర్థం కాదు, మళ్లీ రాసుకొని రండి" అని చెప్పడానికే ఆ కుర్చీ పెట్టారు. దేశంలో ప్రభుత్వ పర్యవేక్షణ అంటే ఢిల్లీలోని ఒక కార్యాలయం మాత్రమే కాదు. ప్రతి సంస్థలోనూ ఈ ఏడుగురు కూర్చునే గదిలో అసలు పర్యవేక్షణ జరుగుతుంది. ఆ గదిలో సామాన్యుని కుర్చీలో సంస్థకు తెలిసినవారు, మాట్లాడనివారు కూర్చుంటే నిబంధన అక్షరాలా నెరవేరుతుంది, అర్థం మిగలదు. మా కార్యాలయంలో వరండా మీద నిలబడిన వారినే సాక్షులుగా రాసుకున్నట్లు.

మనం దేనిని అడగడం లేదు? మైనారిటీ కమిషన్‌లో సభ్యత్వం, మార్కెట్ కమిటీలో సభ్యత్వం, వక్ఫ్ బోర్డులో సభ్యత్వం, వీటి కోసం నాయకుల ఇళ్ల చుట్టూ తిరుగుతాము. ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యుని స్థానం కోసం మన జిల్లాలో ఎవరైనా దరఖాస్తు పెట్టారా? అందులో అధికారం లేదు, కారు లేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు 'వద్దు' అని రాస్తే ఆ మాట నమోదవుతుంది. ఆ గౌరవం చాలదా?

పవిత్ర ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరహ్ సూరహ్‌లోని 282వ ఆయత్. అది అప్పు పత్రం గురించి. లేఖరి న్యాయంగా రాయాలని, బాధ్యత వహించేవాడే చెప్పి రాయించాలని, అతను బలహీనుడైతే, చెప్పి రాయించలేనివాడైతే అతని వలీ న్యాయంగా రాయించాలని, సాక్షులు ఉండాలని, లేఖరికి గాని సాక్షికి గాని హాని చేయరాదని అందులో ఆదేశం ఉంది. నాలుగు దిర్హముల అప్పుకే ఇంత కట్టుదిట్టం చేసిన ధర్మం, మనిషి నెత్తురు తీసుకునే పత్రానికి అంతకన్నా తక్కువ కోరుతుందా? వలీ అంటే రక్తసంబంధం, బాధ్యత, జవాబుదారీతనం. హాజరుపట్టీలో పేరు రాసే ఉద్యోగి వలీ కాలేడు. గవాహి అంటే కళ్లతో చూసి, చెవులతో విని నిలబడడం. గుమాస్తాగా ఈ ఆయత్ చదివినప్పుడల్లా మాకు మా పాత వేలిముద్రలు గుర్తుకు వస్తాయి.

అనుమానానికి చెల్లించే మూల్యం

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే మా వ్యాసం హాని చేస్తుంది. ఇదంతా చదివి "ఇక ఏ టీకా వద్దు, ఏ రక్తపరీక్ష వద్దు" అని ఎవరైనా అనుకుంటే అది పెద్ద పొరపాటు.

నైజీరియాలోని కానో నగరం సంగతి చూడండి. అక్కడి జనాభాలో అత్యధికులు ముస్లింలు. 1996లో మెదడు పొరల వాపు రోగం (మెనింజైటిస్) ప్రబలినప్పుడు ఫైజర్ కంపెనీ ట్రోవాన్ అనే మందును సుమారు 200 మంది పిల్లల మీద జరిపిన ప్రయోగంలో పరీక్షించింది. 11 మంది పిల్లలు మరణించారు. తల్లిదండ్రులకు చెప్పలేదని ఆరోపణ వచ్చింది. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం తరువాత తయారుచేసి పాత తేదీ వేసినదని బయటపడింది. కంపెనీ ఆరోపణలను ఖండించినా 2009లో కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఈ మధ్యలో ఏమైంది? 2003లో పోలియో చుక్కలు వేయడానికి వచ్చినవారిని ఆ ప్రాంతం తిప్పి పంపింది. ఒకసారి మోసపోయిన తల్లి రెండోసారి తలుపు తీయలేదు. కంపెనీ తప్పుకు శిక్ష పడినది పోలియోతో కాళ్లు చచ్చుబడిన పసిపిల్లలకు. ఆ వైరస్ అక్కడి నుంచి ఇతర దేశాలకూ పాకింది.

హెచ్‌పీవీ టీకా సంగతి కూడా అంతే. ఆ టీకా ప్రపంచంలో అనేక దేశాలలో కోట్ల మంది బాలికలకు ఇచ్చారు. కాన్సర్‌ను నివారిస్తున్నదని రుజువైంది. 2023లో మన దేశంలోనే తయారైన టీకా విపణిలోకి వచ్చింది. టీకా చెడ్డది కాదు. అడగకుండా ఇవ్వడం చెడ్డది. ఖమ్మంలో ఆ రోజు ప్రతి తల్లికి అరగంట కూర్చుండబెట్టి చెప్పి ఉంటే, ఆ తరువాతి ఏళ్లలో ఈ టీకా మీద అనుమానం ఇంతగా పెరిగి ఉండేది కాదు.

పరిశోధనలకు దూరంగా ఉండడం వల్ల మనకే నష్టం. బీడీ పొగాకు ధూళి ఊపిరితిత్తులకు ఏమి చేస్తుందో, గల్ఫ్ ఎండలో పనిచేసి వచ్చిన వారి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో ఎవరూ అధ్యయనం చేయకపోతే మన రోగాలకు లెక్క ఉండదు. లెక్క లేని రోగానికి బడ్జెట్ ఉండదు. పరిశోధన రావాలి, మన అనుమతితో రావాలి.

మా విన్నపాలు

ప్రభుత్వాన్ని కోరేవి ఇవి. పరిశోధనా బృందం ఏ గ్రామానికి వచ్చినా, దాని పేరు, నమోదు సంఖ్య, అనుమతి ఇచ్చిన ఎథిక్స్ కమిటీ, ఫోన్ నంబరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెట్టాలి. 2017 నుంచి ఉర్దూ ఈ రాష్ట్రానికి రెండో అధికార భాష. అంగీకార పత్రానికి ఆ హోదా ఎందుకు వర్తించదు? వీర్నపల్లి మండలంలో తండాలు అనేకం. అక్కడ లంబాడీ మాటలో నోటితో చెప్పే మనిషి ఉండాలి. మన బాధ, తండాల బాధ ఒకటే. ఈ విషయంలో ఇద్దరం కలిసి అడగాలి.

హాస్టళ్లలో, గురుకులాల్లో పరిశోధనకు తల్లిదండ్రుల సంతకం తప్ప మరెవరి సంతకమూ చెల్లదని రాష్ట్రం స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీల సభ్యుల పేర్లను, ముఖ్యంగా సామాన్య సభ్యుని పేరును బహిరంగపరచాలి. ప్రభుత్వం తానే భాగస్వామిగా ఉన్న పరిశోధనను మరో రాష్ట్రానికి చెందిన స్వతంత్ర కమిటీ చూడాలి. ఐసీఎంఆర్ మార్గదర్శకాలను ఉల్లంఘిస్తే శిక్ష పడేలా పార్లమెంటు చట్టం చేయాలి. మానవులపై జీవవైద్య పరిశోధనలకు ప్రత్యేక చట్టం అన్న మాట ఏళ్ల తరబడి ముసాయిదాగానే ఉంది.

మన జమాత్‌లను కోరేవి మరికొన్ని. ప్రతి మస్జిద్ కమిటీ చదువుకున్న ఒక యువతిని, ఒక యువకుణ్ణి గుర్తించి, వాడకు ఏ బృందం వచ్చినా పక్కన కూర్చొని కాగితం చదివి వినిపించే బాధ్యత అప్పగించాలి. రక్తం ఎందుకు, ఫలితం మాకు చెబుతారా, వద్దంటే ఏమైనా ఆగుతుందా, గాయమైతే ఎవరు చూస్తారు, నకలు ఏది? ఈ ఐదు ప్రశ్నలు మన ఆడపడుచులకు నోటికి రావాలి. ప్రభుత్వ వైద్య కళాశాలల ఎథిక్స్ కమిటీల వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడగాలి. దరఖాస్తు రాయడం రాకపోతే మా దగ్గరకు రండి. రాయడం మాకు వచ్చిన ఒకే ఒక విద్య.

ఆపా ఈ మధ్య మళ్లీ కలిశారు. ఆ చీటీని ఇంకా బియ్యం డబ్బాలో దాచి ఉంచారట. "ఎప్పుడన్నా వస్తరేమో అని" అన్నారు. ఆ రిపోర్టు ఇక రాదని చెప్పడానికి మాకు నోరు రాలేదు. మరోసారి ఎవరైనా వస్తే తలుపు మూయవద్దని, ముందు మాకు కబురు పెట్టమని మాత్రం చెప్పాము. పక్కన కూర్చొని చదివి వినిపిస్తాము. ఆమెకు అర్థమైన తరువాత, ఆమెకు ఇష్టమైతే వేలిముద్ర వేస్తారు. ఇష్టం లేకపోతే వేయరు.